ముసలమ్మ దీపంలో నూనె

మే నెల, సముద్రంలో వేట నిషేధం రోజులు. ఒక గురువారం మధ్యాహ్నం మా రొయ్యల గుంట గట్టు మీద, మోటారు షెడ్డులో కూర్చుని నేనొక ముసలమ్మ కోసం కన్నీళ్ళు పెట్టుకున్నాను. మామూలు కన్నీళ్ళు కావు. ఆ ఉప్పు తగిలి గుంటలో రొయ్యలు ఒక అంగుళం అదనంగా పెరిగాయని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ ముసలమ్మ మాకు చుట్టం కాదు. అసలు మనిషే కాదు. ఫోన్లో ఆడే ఆటలో ఒక బొమ్మ. నడుం వంగిపోయి, చేతిలో దీపం పట్టుకుని, కొట్టుకునేవాళ్ళ వెనకాల నడుస్తూ ఉంటుంది. ఆ దీపం వెలుతురు ఎవరి మీద పడితే వాళ్ళ గాయాలు మానిపోతాయి. ఆమె మాత్రం చీమను కూడా చంపలేదు. రెండేళ్ళలో నేను ఆమెతో చంపింది ఇద్దరిని. ఒకడు తనంతట తానే కొండ మీద నుంచి దూకాడు, రెండోవాడి ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది.

ఆటలో ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. అవతలివాళ్ళ కోట ఎవరు ముందు పడగొడితే వాళ్ళు గెలిచినట్టు. నలుగురి పని కొట్టడం, నరకడం, కాల్చడం. ఐదోవాడి పని ఆ నలుగురూ చావకుండా చూడడం. వాణ్ణి సపోర్ట్ అంటారు. పెళ్ళిలో వడ్డన చూసుకునే పెద్దమనిషి లాంటివాడన్నమాట. అంతా సవ్యంగా జరిగితే వాడొకడున్నాడనే ఎవరికీ గుర్తుండదు. సాంబారు అందకపోతే మాత్రం వియ్యంకుడి దాకా వాడి పేరే వినిపిస్తుంది.

మా జట్టులో ఆ పెద్దమనిషిని నేను. యాభై దాటిన వయసు, గుమ్మడికాయ తొడిమల్లాంటి వేళ్ళు. నా చేతికి తుపాకీ బొమ్మ ఇస్తే గుండు శత్రువుకు తప్ప చెట్టుకూ పుట్టకూ అందరికీ తగులుతుంది. అందుకని జట్టు నాయకుడైన మా బామ్మర్ది నాకు దీపం ఇచ్చాడు. వాడు మా గుంటల్లో గాలి కోసం నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోటార్లకు వైండింగ్ చేస్తాడు, ఆటలో డాలు పట్టుకుని ముందు నిలబడి దెబ్బలు తింటాడు. వాడి కూతురు నెల్లూరులో ఫార్మసీ చదువుతోంది, వేసవి సెలవులకు ఇంటికొచ్చింది, ఆటలో పిల్లిలా దూకి గొంతు కోస్తుంది. మిగతా ఇద్దరూ సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చే అన్నదమ్ములు. వేట ఆగిన రెండు నెలలూ పడవలు ఇసకలో, వాళ్ళు మా షెడ్డులో. ఫోన్లు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరు మీంచే ఆడతారు. ఎండ్రకాయల్లా ఒకడు ఎటు పక్కకు జరిగితే రెండోవాడూ అటే జరుగుతాడు.

అలాంటి మేము నెల్లూరులో జరిగే పోటీకి పేరిచ్చాం. మొదటిసారి. ఆదివారం ఆట. గురువారం ఆ కబురొచ్చింది. ఆట తయారుచేసేవాళ్ళు అప్‌డేట్ పంపి మా ముసలమ్మ బలం తగ్గించేశారు.

నిన్నటిదాకా ఆ దీపం ఆరిందే లేదు. ఇప్పుడు దానికి నూనె కొలత పెట్టారు. ఒకసారి వెలుతురు పోస్తే కొంత నూనె ఖర్చు. దెబ్బ తగలనివాడి మీద పోసినా అంతే ఖర్చు. అయిపోతే మళ్ళీ నిండడానికి, ఆటలో అయితే అర నిమిషం, నా గుండెకైతే అరవై ఏళ్ళు. బదులుగా ఒక్కటి ఇచ్చారు. నూనె నిండుగా ఉన్నప్పుడు, చావుకు దగ్గరపడ్డవాడి మీద ఒకే పెద్ద మంట వేయవచ్చు. దీనివల్ల ముసలమ్మను ఆడడం మరింత ఆలోచనతో కూడిన పని అవుతుందని కింద రాశారు. ఆలోచించే ఓపికే ఉంటే నేను రొయ్యలెందుకు పెంచుతాను?

"తప్పు ముసలమ్మది కాదు మామా," అంది మా బామ్మర్ది కూతురు. "పైన పెద్ద పెద్ద ఆటగాళ్ళు ఉంటారు గదా, వాళ్ళ జట్లలో ముసలమ్మ వెనక నిలబడితే ఎవురూ చావరంట. గంట ఆడినా కోట పడదంట. చూసేవాళ్ళు నిద్రపోతా ఉండారంట."

"ఎవురో నిద్రపోతే నా దీపంలో నూనె తీస్తారా?"

"నా పిల్లి మీద గూడా అందరికీ కోపమే. ఎంత కొట్టినా చావదని."

"అయితే పిల్లిని తగ్గించాల గదా!"

"పిల్లి చావకపోవడం నీ దీపం వల్లే గదా మామా."

అదీ న్యాయం. పులి కరిచిందని ఫిర్యాదు వస్తే పులికి పాలు పోసినవాడి చెయ్యి విరగ్గొట్టినట్టు. పైగా ఆ గొడవంతా కొండ మీద ఉండేవాళ్ళది. మా అంతస్తులో దీపం కింద నిలబడేంత బుద్ధి ఎవడికుంది? ఒకడు తూర్పుకు పోతే ఒకడు పడమరకు పోతాడు, ముసలమ్మ మధ్యలో ఒంటరిగా రాళ్ళకూ రప్పలకూ వైద్యం చేస్తుంటుంది. కొండ మీద వాళ్ళకు జ్వరమొస్తే కింద మాకు సూది పొడిచారు. అయినా ఒక నిజం ఒప్పుకోవాలి. క్రితం నెల అవతలి జట్టులో ముసలమ్మ ఎదురైనప్పుడు, "ఈ ముండకు నూనె ఎవుడు పోస్తా ఉండాడ్రా" అని గట్టు మీద కొంగలన్నీ లేచిపోయేలా అరిచినవాణ్ణి నేనే.

బామ్మర్ది అప్‌డేట్ మొత్తం చదివి, ఫోన్ మోకాలి మీద బోర్లా పెట్టాడు. వాడు ఫోన్ బోర్లా పెట్టాడంటే ఏదో మోటారు ఇక బాగుపడదని చెప్పబోతున్నాడని అర్థం.

"బావా, నువ్వేమీ అనుకోబాక."

అప్పుడే అనేసుకున్నాను.

"మనుబోల్లో ఒకాయన ఉండాడు. బ్యాంకులో పని. తుపాకీ బాగా ఆడతాడు. ముసలమ్మ లేకుండా ఐదుగురం కొట్టేవాళ్ళమే పోతే ఎట్టుంటాదా అని."

"మరి దెబ్బ తగిలితే?"

"తగలకముందే కొట్టేస్తాం."

"మోటారు కాల్చుకున్న ప్రతివాడూ నీ షాపుకొచ్చి ఇదే మాట చెప్తాడు గదరా, కాలకముందే ఆపేద్దామనుకున్నా అని."

అన్నదమ్ములిద్దరూ ఒకేసారి నవ్వి, నాయకుడి మొహం చూసి ఒకేసారి ఆపేశారు. బామ్మర్ది నవ్వలేదు. శుక్ర, శని రెండు రోజులు నేను ఆడేది చూస్తాడు. ఆదివారం బ్యాంకాయన ఎట్లాగూ మాతో వస్తాడు. ఎవరు కూర్చోవాలో వాడు అక్కడ చెబుతాడు. అదీ తీర్పు.

నాకు ఇంటి దగ్గర చాలా పదవులున్నాయి. తండ్రిని, మొగుణ్ణి, నాలుగు గుంటల రొయ్యలకు దేవుణ్ణి. కానీ మధ్యాహ్నం రెండో మేత తర్వాత ఆ షెడ్డులో ఐదో పీట నాది. అది పోతే రోజుకు రెండు గంటలు ఎక్కడ కూర్చోవాలో తెలియని మనిషినైపోతాను. ఆ దిగులు కడుపులో పడింది మొదలు నాకు అన్నం సయించలేదు. శుక్రవారం పొద్దున ఇడ్లీలు పదకొండే తిన్నాను.

శుక్రవారం మూడాటలు ఆడాం. నా భయం నా వేళ్ళలోకి దిగింది. ఎవడికి ఏమవుతుందోనని ముందే వెలుతురు పోసేశాను. నిలబడినవాడి మీద పోశాను, నడిచేవాడి మీద పోశాను.

"అన్నా, నాకేం కాలేదన్నా!" అని ఒడ్డు పల్లె పెద్దోడు.

"అన్నా, నా మీద గూడా వద్దన్నా, ఊరికే నిలబడుండా!" అని చిన్నోడు.

"దెబ్బ నాకు తగలతా ఉంది బావా, నాకు!" అని బామ్మర్ది.

అప్పటికి దీపంలో నూనె చుక్క లేదు. మూడాటల్లోనూ వాడు డాలు పట్టుకునే చచ్చాడు. ఆట అయ్యాక ఎవరెంత చేశారో ఒక పట్టిక వస్తుంది. అప్‌డేట్‌తో అందులో కొత్త గడి పెట్టారు, పోసినదాంట్లో వృథా ఎంత అని. నా గడిలో అంకె నా ఆధార్ నంబరంత పొడుగుంది.

సరిగ్గా అప్పుడు గుంట వైపు నుంచి మా ఆవిడ కేక వినిపించింది. చేతిలో నీళ్ళు కారుతున్న చెక్ ట్రే పట్టుకుని గట్టెక్కి వస్తోంది. రొయ్యలు నీటి అడుగున ఉంటాయి, తిన్నాయో లేదో పైకి కనిపించదు. అందుకని గుంటకు మేత చల్లేటప్పుడు వలగుడ్డ పళ్ళెంలో కూడా గుప్పెడు పెట్టి నీళ్ళలోకి దించుతాం. రెండు గంటల తర్వాత ఎత్తి చూస్తాం. ఖాళీ అయితే ఇంకొంచెం వేయాలి, మిగిలితే తగ్గించాలి. తినగా మిగిలింది అడుగున కుళ్ళి నల్లబురదవుతుంది, అది పేరుకుందంటే గుంట మొత్తం పోతుంది. మా ప్రాంతంలో పిల్లలకు అక్షరాలకంటే ముందు ట్రే ఎత్తడం వస్తుంది.

"మధ్యాన్నం మేత ఏసింది ఎవురు?" అంది. ట్రేలో మేత పెట్టింది పెట్టినట్టే ఉంది.

"నేనే."

"పొద్దున ట్రేలో గూడా మిగిలి ఉండాదని చెప్పినా గదయ్యా. చూసుకోకుండా మళ్ళా బకెట్లు బకెట్లు కుమ్మరించినావా?"

అందరి మొహాలూ చూసి ఆమె మేనకోడలిని అడిగింది. "ఏంది మే, ఎవురు పోయినారు?"

"నాన్న పోయినాడత్తా, మూడుసార్లు. మామ నూనంతా ముందే పోసేసినాడు." అని ఆ పిల్ల పట్టికలో గడి చూపించింది.

మా ఆవిడకు ఆ ఆటలో ఎవరు ఎవరో తెలియదు. ముసలమ్మను చూసి, "ఎవురీమె, మీ అమ్మ పోలికగా ఉండాది" అనేది. కానీ గడిలో అంకె చూసింది, చేతిలో ట్రే చూసింది.

"ఇరవై ఏళ్ళుగా ట్రే ఎత్తకుండా మేత ఎయ్యబాక అని నా పానం తీసినావు. అక్కడ గూడా ఎత్తకుండానే పోస్తా ఉండావే! నీకు దిగులు పుడితే చాలు, మేత ఏస్తావు. వాటి ఆకలి చూసి కాదు, నీ భయం చూసి."

నేను ఫోన్ పక్కన పెట్టి ఆమె చేతిలోంచి ట్రే తీసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం ఆమె పని మానుకుని నా వెనక నిలబడింది. ఆటలో ప్రతివాడి తల మీదా ఒక పచ్చ గీత ఉంటుంది. దెబ్బ తగిలేకొద్దీ అది తరుగుతుంది. అదే ట్రే అని ఆమెకు చెప్పాను. ఇక చూసుకోండి. పిల్లి గీత సగమైంది. నా వేలు దీపం మీదికి పోయింది. "ఉండు, ఇంకా ఉండాది," అంది. పావువంతైంది. నా నుదుటి చెమట ఫోన్ మీద పడి ముసలమ్మ ఈదుతోంది. "ఇంకా ఉండాది." వెంట్రుకంత మిగిలింది. "ఇప్పుడెయ్!" పెద్ద మంట లేచింది, పిల్లి బతికింది. నాకు మాత్రం పదేళ్ళ ఆయుష్షు తగ్గింది. అట్లా నాలుగాటలు ఆడాం, అంటే నలభై ఏళ్ళు తగ్గింది. రెండు గెలిచాం, రెండు ఓడాం. బామ్మర్ది మనుబోలుకు ఫోన్ చేసి, పొద్దున ఏడుకు రోడ్డు మీద ఉండమని చెప్పాడు.

ఆదివారం బామ్మర్ది మోటార్లు మోసే వ్యానులో బయలుదేరాం, నడిపేది వాడే. మనుబోలులో బ్యాంకాయన ఎక్కాడు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో, ఇస్త్రీ చొక్కా, టిఫిన్ క్యారియరు. నన్ను చూసి నమస్కారం పెట్టి నా పక్కనే కూర్చున్నాడు. ఉరి తీసే తలారి వచ్చి పక్కన కూర్చుని దోసె తింటారా అని అడిగితే ఎట్లా ఉంటుంది? నేను రెండు తిన్నాను.

పోటీ ఒక కల్యాణ మంటపంలో. ముందురోజు పెళ్ళి తాలూకు పూల తోరణాలు ఇంకా ఉన్నాయి, వేదిక మీద వధూవరులకు స్వాగతం అని మెరుస్తోంది. వాళ్ళు కూర్చున్న సింహాసనాల పక్కన తెర కట్టి ఆట చూపిస్తున్నారు. మాకు ఎదురు జట్టు నెల్లూరు కాలేజీవాళ్ళు. ఏ ఇద్దరి వయసు కలిపినా నా వయసుకు చాలదు. మూడాటల్లో రెండు గెలవాలి. బామ్మర్ది ఇద్దరినీ చూసి, చివరికి నా వైపు తల ఊపాడు. "మొదట నువ్వు బావా. తేడా వస్తే ఆయన."

మొదటి ఆట గెలిచాం. రెండో ఆటలో మా ఆవిడ వెనక లేదన్న సంగతి నాకు గుర్తొచ్చింది. అంతే. ఏసీ హాల్లో చెమటలు పట్టాయి, వేళ్ళు వాటంతటవే పోయడం మొదలుపెట్టాయి. శుక్రవారం ఆటే మళ్ళీ ఆడాను. కోట పది నిమిషాల్లో పడింది.

మధ్యలో కొంచెం విరామం. నీళ్ళ క్యాను దగ్గరకు పోయాను. గ్లాసు పట్టుకుంటే నీళ్ళన్నీ చొక్కా మీదే పోయాయి. బ్యాంకాయన నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, నిండా పట్టి, చుక్క తొణకకుండా అందించాడు.

"అన్నా, ఒక మాట. నేనూ సపోర్టే ఆడేవాణ్ణి. గంటలు మోగించే బొమ్మ ఉండేదే, అది. రెండు అప్‌డేట్ల కిందట దాని బలం పీకేసినారు. జట్టులో వాళ్ళు ఇంక వద్దన్నారు. అప్పటి నుంచి తుపాకీ."

"తుపాకీ బాగుందా మరి?"

"ఏం బాగన్నా. కాలుస్తా కాలుస్తా వెనక్కి తిరిగి, ఎవురికి దెబ్బ తగిలిందా అని చూస్తా ఉంటా."

ఇంకేదో అనబోయాడు. అంతలో బామ్మర్ది వచ్చాడు. నా మొహం చూడకుండా, "సార్, ఈ ఆటకు మీరు కూర్చోండి," అన్నాడు.

నేను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. బ్యాంకాయన తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. "నావల్ల కాదు సార్. ఇంతమందిని చూసి చెయ్యి వణకతా ఉంది. అన్ననే కూర్చోమనండి."

చుక్క తొణకని చెయ్యి అది. నేను చూశాను.

మూడో ఆట. ఎంతసేపు జరిగిందంటే, ఆ హాల్లో పెళ్ళైన జంటకు ఈపాటికి మనవలు పుట్టి ఉంటారనిపించింది. నేను వేలు దీపం మీద పడకుండా ఆపుకుంటూ, "ఇంకా ఉండాది, ఇంకా ఉండాది" అని నాలో నేనే గొణుక్కున్నాను. ఆఖరికి వాళ్ళ కోట ముందు చేరాం. అన్నదమ్ములిద్దరూ యథాప్రకారం ఒకేసారి చచ్చారు. దీపం నిండుగా ఉంది. ఒకే ఒక్క పెద్ద మంట. ముందు డాలు పట్టుకుని బామ్మర్ది, చుట్టూ నలుగురు. వెనక నుంచి కోట మీదికి దూకిన పిల్లి, దాన్ని తరుముతూ ఐదోవాడు. ఇద్దరి గీతలూ తరుగుతున్నాయి.

"దీపం! బావా, దీపం!"

వాడి గీత వెంట్రుకంత అయింది. వేయాల్సిన సమయం అదే. కానీ నలుగురి మధ్యలో ఉన్నవాడికి మంట వేస్తే ఇంకో నాలుగు దెబ్బలు తిని చస్తాడు. పిల్లి గీత ఇంకా ఉంది. వాడు నా పెళ్ళాం తమ్ముడు. వాడు కట్టిన మోటార్ల మీదే నా గుంటలు బతుకుతున్నాయి. నా పీట ఉంచడమూ తీయడమూ వాడి చేతిలో ఉంది.

"బావా! చస్తా ఉండా! బావా!"

చచ్చాడు. ఆటలో చచ్చినవాడు పక్కకు తిరిగి నన్ను చూశాడు. ఆ చూపుకు ఏసీ ఆగిపోయింది. నేను తలెత్తలేదు. పిల్లి గీత తరిగింది, తరిగింది, వెంట్రుకైంది. వేశాను. హాలంతా పసుపు వెలుగు. మంటలోంచి పిల్లి లేచి మూడు దెబ్బలు కొట్టింది. కోట పడింది.

బామ్మర్ది కూతురు కుర్చీ మీదెక్కి కేకలు పెట్టింది. అన్నదమ్ములు నన్ను లేపి మోశారు, నా బరువుకు ఇద్దరూ ఒకేసారి కూలబడ్డారు. బామ్మర్ది ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాడు.

ఆ తర్వాతి జట్టు చేతిలో గంటలోపే ఓడిపోయి వ్యానెక్కాం. బామ్మర్ది నోరు విప్పింది హైవే మీదికొచ్చాక.

"అక్కకు ఏమని చెప్పాల నేను? మీ ఆయన నన్ను కళ్ళెదురుగా చంపినాడని చెప్పాల్నా?"

"నాన్నా, గెలిచినాం గదా!"

"నువ్వు మాట్లాడబాక. నువ్వు బతికినావు."

నా పక్కన బ్యాంకాయన గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆ మంట మీ మీద ఏసుంటే పాపకు మిగిలేది కాదు. మీరెట్టాగూ పోయేవాళ్ళే. అన్న మంటను కరెక్టుగా ఆపి పెట్టినాడు. అంతసేపు ఆపుకోవడం నాకు గూడా రాలా."

"మీకెట్టా తెలుసు? మీది తుపాకీ గదా?"

"గంటలు ఆడేవాణ్ణి సార్. రెండు అప్‌డేట్ల దాకా."

బామ్మర్ది వ్యాను వేగం తగ్గించాడు. అద్దంలో ఆయన చేతుల వైపు చూశాడు. అవి టిఫిన్ క్యారియరు మీద నిమ్మళంగా ఉన్నాయి. వాడికి అర్థమైంది. ఇరవై ఏళ్ళుగా మోటార్ల వణుకు విన్నవాడు. ఏది నిజం వణుకో, ఏది కాదో వాడికి చెప్పక్కర్లేదు.

మనుబోలులో ఆయన దిగాడు. బామ్మర్ది కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"సార్, వచ్చే ఆదివారం మా షెడ్డుకు రండి."

నా గుండె జారి వ్యాను అడుగున మోటారు నట్ల మధ్య పడింది.

"తుపాకీ వద్దు. ఆ గంటల బొమ్మ ఇంకా ఉండాదా ఫోన్లో?"

ఆయన ఫోన్ తీసి చూడను కూడా చూడలేదు. "ఉండాది సార్," అన్నాడు. "తీసెయ్యలా."

"వేట మొదలైతే వీళ్ళిద్దరూ సముద్రం మీదికి పోతారు. అప్పుడెట్టాగూ మనిషి కావాల," అని బామ్మర్ది గొణిగి, గేరు వేశాడు. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నాడు. "నీ పీట నీకే ఉంటాది బావా. కానీ ఇంకోసారి నన్ను చంపాలనుకున్నప్పుడు ముందుగా ఒక మాట చెప్పు."

"చెప్తే అరుస్తావు గదరా."

"అరుస్తా. అయినా చెప్పు."

ఇంటికి చేరేసరికి మా ఆవిడ గట్టు మీద ట్రే ఎత్తి చూస్తోంది. గెలిచావా ఓడావా అని అడగలేదు. ఖాళీ పళ్ళెం నా మొహం ముందు పెట్టి, "ఈ పూట ఏసేది నువ్వే. చూసి ఎయ్," అంది. బకెట్ పట్టుకున్నాను. ముందు పళ్ళెంలో గుప్పెడు పెట్టాను. ఆమె ట్రే నీళ్ళలోకి దించింది.